వెబ్ ఫ్రేమ్‌వర్కుల పనితీరు – న్యాయమైన పోలికకు ప్రాతిపదికలు: తెలుగు పాఠం దృష్ట్యా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

వెబ్‌సైట్ల నిర్మాణానికి ఉపయోగించే ఫ్రేమ్‌వర్కులలో ఏది వేగవంతమైనదో చెప్పే బెంచ్‌మార్క్ పట్టికలు తరచుగా వెలువడుతుంటాయి. తెలుగు నిఘంటువులు, ఈ-పత్రికలు, గ్రంథభాండాగారాలు అంతర్జాలంలోకి వస్తున్న ఈ కాలంలో వాటి నిర్మాతలు కూడా ఈ పట్టికలను చూసే నిర్ణయాలు తీసుకుంటున్నారు. ఆ పట్టికలు దేనిని కొలుస్తాయి, దేనిని వదిలివేస్తాయి, రెండు ఫ్రేమ్‌వర్కులను పోల్చేటప్పుడు ఏయే అంశాలలో సమానత పాటించాలి అనే ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆంగ్ల పాఠంతో చేసిన కొలత తెలుగు పాఠానికి ఎంతవరకు వర్తిస్తుందో వివరించడం ఈ వ్యాసం ప్రధానోద్దేశం.

కీలకపదాలు: వెబ్ ఫ్రేమ్‌వర్క్, బెంచ్‌మార్క్, ప్రతిస్పందన కాలం, యూనికోడ్, యూటీఎఫ్-8, తెలుగు పాఠం.

1. ఉపోద్ఘాతం:

ఒక వస్తువును మరొక వస్తువుతో పోల్చాలంటే రెండింటికీ ఒకే తక్కెడ, ఒకే తూకపురాళ్లు ఉండాలి. కూరగాయల అంగడిలో ఎవరికీ సందేహం కలగని ఈ సూత్రం కంప్యూటర్ రంగంలో తరచుగా మరుగున పడుతుంది. "ఈ ఫ్రేమ్‌వర్క్ దానికన్నా పదిరెట్లు వేగవంతమైనది" అన్న మాట వినగానే ఏ పనిలో, ఏ యంత్రంపై, ఎవరు రాసిన ప్రోగ్రాముతో, ఎంతమంది వినియోగదారులున్నప్పుడు అన్న ప్రశ్నలు రావాలి. ఇవి రానప్పుడు అంకె ఒక్కటే మిగులుతుంది, దాని అర్థం పోతుంది.

ఫ్రేమ్‌వర్క్ ఎంపిక కొన్నేళ్లపాటు నిలిచే నిర్ణయం. ఒకసారి నిర్మించిన నిఘంటువునో పత్రికనో మరొక ఫ్రేమ్‌వర్కులోకి మార్చడమంటే చాలాభాగం తిరిగి రాయడమే. పరిమిత వనరులతో సాగే తెలుగు సంస్థలకు ఆ భారం మరీ ఎక్కువ. కాబట్టి పట్టికలను చదివే విద్య తెలుగు భాషా సాంకేతికరంగంలో పనిచేసేవారికి అవసరం.

2. ఫ్రేమ్‌వర్క్, బెంచ్‌మార్క్ – భావవివరణ:

ఫ్రేమ్‌వర్క్ అంటే చట్రం. వెబ్‌సైట్‌కు వచ్చిన అభ్యర్థనను స్వీకరించడం, తగిన ప్రోగ్రాముకు పంపడం, డేటాబేస్ నుంచి సమాచారం తేవడం, పుటను కూర్చి తిరిగి పంపడం వంటి సాధారణమైన పనులను ముందే సిద్ధం చేసి ఇచ్చే సాఫ్ట్‌వేర్ ఇది. పైథాన్ భాషలో జాంగో (2005), ఫ్లాస్క్ (2010), రూబీలో రైల్స్ (2004), పీహెచ్‌పీలో లారవెల్ (2011), జావాలో స్ప్రింగ్ బూట్ (2014) ఇందుకు ఉదాహరణలు. ఇవి సర్వర్‌లో పనిచేసేవి. రియాక్ట్, వ్యూ, యాంగ్యులర్ వంటివి ప్రధానంగా పాఠకుని బ్రౌజర్‌లో పనిచేస్తాయి.

బెంచ్‌మార్క్ అంటే ప్రమాణపరీక్ష. ఒక నిర్ణీతమైన పనిని వివిధ సాఫ్ట్‌వేర్లచేత చేయించి, పట్టిన కాలాన్నో సెకనుకు తీర్చిన అభ్యర్థనల సంఖ్యనో నమోదు చేస్తారు. ఈ రెండూ వేర్వేరు కొలతలు. ఒక అభ్యర్థనకు పట్టే సమయం ప్రతిస్పందన కాలం. సెకనుకు తీరే అభ్యర్థనల సంఖ్య సామర్థ్యం. పాఠకునికి అనుభవమయ్యేది మొదటిది, సర్వర్ ఖర్చును నిర్ణయించేది రెండవది.

3. బెంచ్‌మార్కుల చరిత్ర – రెండు పాఠాలు:

ప్రమాణపరీక్షలపై వివాదం వెబ్‌తో పుట్టినది కాదు. 1983లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ డెవిట్, ఆయన సహపరిశోధకులు డేటాబేస్ వ్యవస్థలను పోల్చే పరీక్షను రూపొందించి, ఫలితాలను పేర్లతో సహా ప్రకటించారు. అది కొన్ని సంస్థలకు రుచించలేదు. తమ అనుమతి లేకుండా పరీక్షాఫలితాలను ప్రకటించరాదన్న నిబంధన ఆ తరువాత అనేక వాణిజ్య డేటాబేస్ ఒప్పందాలలో చేరింది. దానిని నేటికీ 'డెవిట్ నిబంధన' అనే పిలుస్తారు. పోటీదారులకు పరీక్షాఫలితం ప్రతిష్ఠకూ వ్యాపారానికీ సంబంధించినదని ఈ సంఘటన చెబుతుంది.

రెండవ పాఠం బ్రౌజర్ల రంగంలోనిది. జావాస్క్రిప్ట్ వేగాన్ని కొలవడానికి గూగుల్ సంస్థ 2012లో 'ఆక్టేన్' అనే పరీక్షను విడుదల చేసి, 2017లో తానే దానిని విరమించింది. బ్రౌజర్ల నిర్మాతలు ఆ పరీక్షలో మార్కులు తెచ్చుకునేందుకు అనుగుణంగా మెరుగులు దిద్దడంతో, దాని ఫలితాలు నిజమైన వెబ్ పుటల వేగాన్ని ప్రతిబింబించడం మానివేశాయి. విద్యార్థి ప్రశ్నపత్రానికి మాత్రమే చదివితే మార్కులు పెరిగినా పాఠం రాకపోవడం వంటిదే ఇది.

సర్వర్ ఫ్రేమ్‌వర్కుల విషయంలో విస్తృతంగా ప్రస్తావించబడే పరీక్ష అమెరికాకు చెందిన టెక్‌ఎంపవర్ సంస్థ 2013 మార్చిలో ప్రారంభించినది. 'హలో వరల్డ్' అన్న చిన్న పాఠాన్ని పంపడం, దానినే జేసన్ రూపంలో పంపడం, డేటాబేస్ నుంచి ఒక వరుసను, తరువాత పలు వరుసలను తేవడం, 'ఫార్చ్యూన్స్' పేరిట సూక్తుల పట్టికను పుటగా కూర్చడం, సమాచారాన్ని సవరించి భద్రపరచడం దానిలోని ముఖ్యమైన పరీక్షలు. ప్రోగ్రాములన్నీ బహిరంగంగా ఉండడం, ఏ ఫ్రేమ్‌వర్క్ అభిమానులైనా తమ ప్రోగ్రామును సరిదిద్ది పంపగలగడం దీని బలం.

4. పోలికలో పాటించవలసిన సమానతలు:

4.1. పనిలో సమానత:

పోల్చే ఫ్రేమ్‌వర్కులు ఒకే పని చేయాలి. ఒకటి వినియోగదారుని లాగిన్ వివరాలను సరిచూసి, పుటలోకి హానికరమైన స్క్రిప్టులు చొరబడకుండా వడపోసి, ఆ తరువాత సమాధానం పంపుతుంటే, మరొకటి ఇవేవీ లేకుండా పాఠాన్ని మాత్రమే పంపుతుంటే రెండవది వేగంగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు. ఆ వేగం చేయని పనికి దక్కిన బహుమతి. టెక్‌ఎంపవర్ పరీక్షలో సూక్తుల పట్టికలో ఒక స్క్రిప్టును ఉద్దేశపూర్వకంగా చేర్చారు. దానిని నిర్వీర్యం చేయకుండా పుటలో ఉంచిన ప్రోగ్రాము పరీక్షలో నెగ్గదు. వేగానికి ముందు సరైన ఫలితాన్ని నిర్ధారించడం ఇక్కడ కనిపించే సూత్రం. పొరపాటు సందేశాలు సాధారణంగా సరైన పుటలకన్నా త్వరగా వెలువడతాయి. కాబట్టి విఫలమైన ప్రతిస్పందనలను లెక్క నుంచి వేరుచేయని పట్టిక విలువలేనిది.

బ్రౌజర్ ఫ్రేమ్‌వర్కులలోనూ ఈ సమస్య ఉంది. వెయ్యి వరుసల పట్టికను సృష్టించడం, ప్రతి పదవ వరుసను మార్చడం, రెండు వరుసలను తారుమారు చేయడం వంటి పనులతో వాటిని పరీక్షిస్తారు. వరుసలు స్థానం మారినప్పుడు కొన్ని ప్రోగ్రాములు ప్రతి వరుస గుర్తింపును కాపాడుతూ దానినే కదుపుతాయి. మరికొన్ని పాత వరుసలోనే కొత్త అక్షరాలు నింపుతాయి. తెరపై ఫలితం ఒకటే అయినా, పాఠకుడు ఒక వరుసలో ఏదైనా టైపు చేస్తూ ఉంటే రెండవ పద్ధతిలో ఆ పాఠం వేరే వరుసకు చెందినట్లు కావచ్చు. అందుచేత ఈ రెండు పద్ధతులను వేర్వేరు పట్టికలలో చూపడమే న్యాయం.

4.2. నైపుణ్యంలో సమానత:

పరీక్ష నిర్వహించేవారికి ఒక ఫ్రేమ్‌వర్కులో పదేళ్ల అనుభవం, మరొకదానిలో పది రోజుల పరిచయం ఉంటే పోలిక ఫ్రేమ్‌వర్కుల మధ్య కాక ప్రోగ్రాములు రాసేవారి నైపుణ్యాల మధ్య జరిగినట్లవుతుంది. సర్వసాధారణంగా జరిగే పొరపాటు ఒకటుంది. జాంగోను దోషాన్వేషణ స్థితిలో ఉంచితే అది నడిపిన ప్రతి డేటాబేస్ ప్రశ్నను జ్ఞాపకంలో దాచుకుంటుంది. రియాక్ట్ అభివృద్ధి దశ ప్రతి కూడా అదనపు తనిఖీల వల్ల నెమ్మదిగా నడుస్తుంది. వీటిని ఆ స్థితిలోనే కొలిచి, ప్రత్యర్థిని మాత్రం పూర్తి సన్నద్ధతతో నిలబెట్టిన పోలికకు ప్రామాణ్యం లేదు. ప్రతి ప్రోగ్రామునూ ఆ ఫ్రేమ్‌వర్క్ తెలిసినవారు రాయాలి, పోటీ ఫ్రేమ్‌వర్క్ వారు సమీక్షించాలి.

అయితే నిపుణుల ప్రమేయం మరొక చిక్కును తెస్తుంది. వారు పరీక్షకోసమే, నిత్యజీవితంలో ఎవరూ రాయని తీరులో ప్రోగ్రాము రాయవచ్చు. అందుకే టెక్‌ఎంపవర్ పట్టికలో వాస్తవిక రీతి, కుదించిన రీతి అనే విభజన కనిపిస్తుంది. పట్టిక చదివేవారు ముందుగా ఈ గుర్తును చూడాలి.

4.3. పరిసరాలలో సమానత:

యంత్రం, ఆపరేటింగ్ సిస్టం, డేటాబేస్, దానితో ఏకకాలంలో ఉంచుకునే సంబంధాల సంఖ్య, లాగ్ నమోదు, కుదింపు ఇవన్నీ సమానంగా ఉండాలి. అభ్యర్థనలు పంపే యంత్రం, సర్వర్, డేటాబేస్ వేర్వేరు యంత్రాలపై ఉండడం మేలు. లేకపోతే కొలిచేది, కొలవబడేది ఒకే ప్రాసెసర్ కోసం పోటీపడతాయి.

నెట్‌వర్క్ పరిమితిని కూడా గమనించాలి. సెకనుకు 1 గిగాబిట్ మోసే తీగలో గరిష్ఠంగా 125 మెగాబైట్లు ప్రవహిస్తాయి. ఒక్కొక్క పుట 10 కిలోబైట్లయితే సెకనుకు 12,500 పుటలకు మించి పంపడం ఏ ఫ్రేమ్‌వర్కుకూ సాధ్యం కాదు. మూడు ఫ్రేమ్‌వర్కులు ఈ అంకె దగ్గరే నిలిచిపోతే అవి సమానమని అర్థం కాదు. ఆ పట్టిక తీగను కొలిచింది.

అతి చిన్న తేడాలు సైతం ఫలితాన్ని తారుమారు చేయగలవని 2009లో మిట్కోవిచ్, ఆయన సహపరిశోధకులు చూపారు. ప్రోగ్రాముతో సంబంధం లేని ఎన్విరాన్‌మెంట్ చలరాశుల పరిమాణం మారినంత మాత్రాన కొలిచిన కాలం మారి, ఒక మెరుగుదల ప్రయోజనకరమా కాదా అన్న తీర్పే మారిపోవచ్చునని వారి పరిశీలన. అందువల్ల ఒకే అమరికలో ఒకేసారి చేసిన కొలతను తుదితీర్పుగా భావించరాదు.

5. కొలతలో దొర్లే దోషాలు:

5.1. సన్నాహక దశ:

జావా, జావాస్క్రిప్ట్ వంటి భాషలలో ప్రోగ్రాము నడుస్తున్నకొద్దీ, తరచుగా వాడే భాగాలు యంత్రభాషలోకి అనువాదమై వేగం పుంజుకుంటాయి. తొలి నిమిషంలో కొలిచిన అంకె, పదవ నిమిషంలో కొలిచిన అంకె వేరు. నిరంతరం నడిచే సర్వర్‌కు రెండవ అంకె ముఖ్యం. అవసరమైనప్పుడు మాత్రమే మేల్కొని, పని ముగియగానే నిద్రించే క్లౌడ్ సేవలకు మొదటి అంకె ముఖ్యం. ఏ దశను కొలిచారో చెప్పడం పరీక్షకుని బాధ్యత.

5.2. సగటు దాచే నిరీక్షణ:

సగటు ప్రతిస్పందన కాలం తరచుగా వాస్తవాన్ని కప్పిపుచ్చుతుంది. ఒక ఉదాహరణ చూడవచ్చు. సెకనుకు 10 అభ్యర్థనలు వచ్చే సర్వర్ 90 సెకన్లపాటు ప్రతిదానికీ 10 మిల్లీసెకన్లలో సమాధానమిచ్చి, తరువాత 10 సెకన్లు స్తంభించిందనుకుందాం. పరీక్షించే సాధనం ఒక సమాధానం వచ్చేదాకా తరువాతి అభ్యర్థన పంపనిదైతే అది 900 వేగవంతమైన సమాధానాలను, 10 సెకన్లు పట్టిన ఒకే ఒక సమాధానాన్ని నమోదు చేస్తుంది. సగటు సుమారు 21 మిల్లీసెకన్లు. నూటికి 99 అభ్యర్థనలు ఎంతలోపు తీరాయో తెలిపే 99వ పర్సంటైల్ 10 మిల్లీసెకన్లే.

నిజజీవితంలో పాఠకులు ఒకరికోసం ఒకరు ఆగరు. సర్వర్ స్తంభించిన 10 సెకన్లలోనూ మరో 100 మంది వస్తారు. స్తంభన తొలగగానే వారందరికీ సమాధానాలు అందాయనుకున్నా, వారి నిరీక్షణ 10 సెకన్ల నుంచి 0.1 సెకను వరకు ఉంటుంది. ఈ లెక్కలో మొత్తం 1000 అభ్యర్థనల సగటు సుమారు 514 మిల్లీసెకన్లు, 99వ పర్సంటైల్ సుమారు 9 సెకన్లు. సర్వర్ ఒకటే, కొలిచే తీరు మాత్రమే మారింది. గిల్ టేనే అనే నిపుణుడు బహుళప్రచారంలోకి తెచ్చిన ఈ దోషం అవధానసభను గుర్తుకు తెస్తుంది. అవధాని తడుముకున్నప్పుడల్లా పృచ్ఛకులందరూ మర్యాదగా మౌనం వహిస్తే ఆ తడబాటు లెక్కకే రాదు. అప్రస్తుత ప్రసంగం సాగుతుండగా ధారణ నిలిచిందా అన్నదే అసలైన పరీక్ష.

5.3. ఫలితాల క్రోడీకరణ:

పలు పరీక్షల ఫలితాలను ఒకే అంకెగా మార్చేటప్పుడు మరొక చిక్కు వస్తుంది. 'అ' అనే ఫ్రేమ్‌వర్కుకు రెండు పనులలో వరుసగా 10, 40 సెకన్లు, 'ఆ' అనేదానికి 20, 20 సెకన్లు పట్టాయనుకుందాం. 'అ'ను ప్రమాణంగా తీసుకుంటే 'ఆ' నిష్పత్తులు 2, 0.5. వాటి సగటు 1.25, అంటే 'ఆ' నెమ్మది. 'ఆ'ను ప్రమాణంగా తీసుకుంటే 'అ' నిష్పత్తులు 0.5, 2. వాటి సగటు కూడా 1.25 కనుక ఇప్పుడు 'అ' నెమ్మది. ప్రమాణాన్ని మార్చినంతనే విజేత మారింది. నిష్పత్తులకు గుణమధ్యమాన్ని వాడాలని ఫ్లెమింగ్, వాలెస్ 1986లో సూచించారు. ఆ లెక్కలో రెండూ సమానమే. మొత్తం కాలాన్ని చూస్తే 'అ'కు 50, 'ఆ'కు 40 సెకన్లు. తన వెబ్‌సైట్‌లో ఏ పని ఎన్నిసార్లు జరుగుతుందో తెలిసినవారికి ఏ ఒక్క సంక్షిప్త అంకెకన్నా విడివిడి ఫలితాలే ఉపయోగపడతాయి.

6. తెలుగు పాఠం – పట్టికలో కనిపించని భారం:

ప్రముఖ పరీక్షలలో పంపే పాఠం అత్యధికంగా ఆంగ్లమే. టెక్‌ఎంపవర్ సూక్తులలో ఒకటి జపాన్ భాషలో ఉంది. యూనికోడ్ అక్షరాలు చెడకుండా పుటకు చేరుతున్నాయా అన్నది దానివల్ల తేలుతుంది. కానీ పుట మొత్తం అటువంటి లిపిలో ఉన్నప్పుడు వేగమెంత అన్న ప్రశ్నకు ఆ ఒక్క వాక్యం సమాధానం కాదు.

యూటీఎఫ్-8 సంకేతీకరణలో ఆంగ్ల అక్షరానికి 1 బైటు, తెలుగు సంకేతానికి 3 బైట్లు కావాలి. 'తెలుగు' అన్న మాట కంటికి మూడక్షరాలే అయినా యూనికోడ్‌లో హల్లులు, అచ్చుగుర్తులు కలిసి 6 సంకేతాలు, అంటే 18 బైట్లు. జేసన్ రూపంలో పంపేటప్పుడు పరిస్థితి మరింత మారుతుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఆంగ్లేతర సంకేతాన్ని నేరుగా పంపక, వెనుకకు వాలిన గీత, యు అక్షరం, నాలుగు అంకెలతో కూడిన 6 బైట్ల గుర్తుగా మారుస్తాయి. అప్పుడు 'తెలుగు' 36 బైట్లవుతుంది. పైథాన్ జేసన్ గ్రంథాలయం, పీహెచ్‌పీ జేసన్ ప్రమేయం వేరుగా చెప్పనంతవరకు ఇలాగే చేస్తాయి. జాంగో కూడా సహజంగా ఇదే దారి పడుతుంది. అదే పైథాన్‌లో రాసిన ఫాస్ట్‌ఏపీఐ ఆధారపడే స్టార్లెట్ మాత్రం తన సాధారణ జేసన్ ప్రతిస్పందనలో తెలుగును తెలుగుగానే పంపుతుంది. 'హలో వరల్డ్' పరీక్షలో ఈ వ్యత్యాసం ఒక్క బైటు కూడా కాదు. నిఘంటువులో అర్థవివరణలు పంపేటప్పుడు పాఠభాగం రెండింతలవుతుంది. ఒక్క అమరికను మార్చితే సరిపోయే ఈ విషయాన్ని గమనించకుండా రెండింటినీ తెలుగు పాఠంతో పోల్చినా అన్యాయమే, ఆంగ్ల పాఠంతో పోల్చి తెలుగుకు వర్తింపజేసినా అన్యాయమే.

జ్ఞాపకంలో నిల్వ విషయం కూడా ఇటువంటిదే. పైథాన్ 3.3 నుంచి, జావా 9 నుంచి, ఆంగ్ల పాఠాన్ని అక్షరానికి 1 బైటు చొప్పున దాచే సౌకర్యం ఏర్పడింది. పాఠంలో ఒక్క తెలుగు సంకేతం ఉన్నా ఆ పాఠం మొత్తం సంకేతానికి 2 బైట్ల రూపంలోకి మారుతుంది. ఆంగ్ల పాఠంతో చేసిన పరీక్ష ఈ దగ్గరదారిని మాత్రమే కొలుస్తుంది. తెలుగు వెబ్‌సైట్ ఎప్పుడూ నడిచేది రెండవ దారిలో.

అయితే ఈ భారాన్ని అతిశయించి చెప్పడమూ తగదు. వెబ్ పుటలోని నిర్మాణ గుర్తులన్నీ ఆంగ్ల అక్షరాలే కనుక పుట మొత్తం మూడింతలు కాదు. తెలుగు సంకేతాల మూడు బైట్లలో మొదటిది అన్నింటికీ ఒకటే, రెండవది రెండు విలువలలో ఏదో ఒకటి. ఇంత పునరుక్తి ఉన్న పాఠం జీజిప్ వంటి పద్ధతులలో బాగా కుదించుకుంటుంది. కానీ కుదించడం సర్వర్ చేయవలసిన అదనపు పని. తీగపై మిగిలినది ప్రాసెసర్‌పై ఎంత ఖర్చయిందో కొలిస్తేనే తెలుస్తుంది.

అకారాది క్రమం మరొక అంశం. వర్ణమాలలో హకారం తరువాత చదివే ళ, ఱ వర్ణాలకు యూనికోడ్‌లో ల, ర ల పక్కన స్థానం లభించింది. అనుస్వార విసర్గలు అకారంకన్నా ముందున్నాయి. కేవలం సంకేతసంఖ్యను బట్టి వరుస కూర్చే ప్రోగ్రాముకు పని తక్కువ, భాషానియమాన్ని పాటించి కూర్చేదానికి పని ఎక్కువ. నిఘంటువుకు కావలసినది రెండవది. దానిని మందకొడి అనడం పనిలో సమానతను విస్మరించడమే.

7. వేగానికి ఇవ్వవలసిన విలువ:

న్యాయంగా కొలిచిన తరువాత కూడా, తేలిన వ్యత్యాసం ఎంత ముఖ్యమన్న ప్రశ్న మిగులుతుంది. ఒక ఫ్రేమ్‌వర్క్ తన వంతు పనికి 1 మిల్లీసెకను, మరొకటి 3 మిల్లీసెకన్లు తీసుకుంటే పట్టికలో మొదటిది మూడురెట్లు వేగవంతమైనది. నిఘంటువులో ఒక పదాన్ని వెదకడానికి డేటాబేస్‌కు 40 మిల్లీసెకన్లు పడితే పాఠకునికి సమాధానం చేరే కాలాలు 41, 43. భేదం 5 శాతంలోపే. మొత్తం పనిలో ఒక భాగాన్ని ఎంత వేగవంతం చేసినా మిగిలిన భాగం పరిమితిని విధిస్తుందని 1967లో జీన్ ఆమ్‌డాల్ చూపిన సూత్రసారం ఇదే. అటువంటి చోట డేటాబేస్‌లో సరైన సూచిక నిర్మించడం ఫ్రేమ్‌వర్క్ మార్చడంకన్నా ఎన్నో రెట్లు ఫలప్రదం. భద్రతా సవరణలు సకాలంలో వెలువడడం, చక్కని వివరణ పత్రాలు ఉండడం, ఆ ఫ్రేమ్‌వర్క్ తెలిసినవారు దొరకడం వంటి గుణాలు సెకన్లలో కొలవదగినవి కావు. అయినా వెబ్‌సైట్ ఆయుర్దాయం వాటిమీదే ఎక్కువగా ఆధారపడుతుంది.

8. ముగింపు:

పై పరిశీలన ద్వారా ఈ కింది అంశాలు తేలుతున్నాయి.

- బెంచ్‌మార్క్ అంకెకు స్వతంత్రమైన అర్థం లేదు. పని, ప్రోగ్రాము, పరిసరాలు తెలిసినప్పుడే అది పోలికకు పనికివస్తుంది.
- వేగాన్ని కొలిచేముందు ఫలితం సరైనదేనా అని నిర్ధారించాలి. విఫలమైన ప్రతిస్పందనలను వేరుచేయాలి.
- ప్రతి ఫ్రేమ్‌వర్కునూ దాని నిపుణులే సిద్ధం చేయాలి. ప్రోగ్రాము, అమరికలు, ముడి ఫలితాలు బహిరంగంగా ఉండాలి.
- సగటుతో సరిపెట్టక 99వ పర్సంటైల్‌ను కూడా ఇవ్వాలి. అభ్యర్థనలు సర్వర్ తీరికతో నిమిత్తం లేకుండా నిర్ణీతవేగంతో రావాలి.
- ఆంగ్ల పాఠంతో చేసిన పరీక్ష జేసన్ గుర్తుల విస్తరణను, జ్ఞాపకంలో నిల్వ భేదాన్ని, అకారాది క్రమ భారాన్ని చూపదు. తెలుగు వెబ్‌సైట్ నిర్మాతలు తమ సొంత పాఠంతో, తమ పాఠకులు నిజంగా అడిగే ప్రశ్నలతో పరీక్షించుకోవడం అవసరం.

ఈ చివరి పనికి పెద్ద ప్రయోగశాల అక్కరలేదు. నిఘంటువు నుంచి వెయ్యి ఆరోపాలు, పత్రిక నుంచి వంద వ్యాసాలు, రెండు యంత్రాలు ఉంటే ప్రారంభించవచ్చు. అటువంటి తెలుగు పరీక్షాపాఠాన్ని ఒక విశ్వవిద్యాలయ శాఖ రూపొందించి అందరికీ అందుబాటులో ఉంచితే, భాషాశాస్త్ర విద్యార్థులూ కంప్యూటర్ విద్యార్థులూ కలిసి చేయదగిన పరిశోధనకు అది తొలి సామగ్రి అవుతుంది.